ఈజిప్టు ప్లాన్ చూసి చెప్పండి: మే నెల, 9 రోజులు, 71 ఏళ్ళ అత్తగారు, ఇద్దరు పిల్లలు

పొద్దుతిరుగుడు:

అందరికీ నమస్కారం. మే మూడో వారంలో ఐదుగురం ఈజిప్టు వెళ్తున్నాం. టిక్కెట్లు కొనేశాం, కాబట్టి "మేలో ఎవరైనా అటు వెళ్తారా" అని మాత్రం అనకండి, ఆ మాట ఇప్పటికే చుట్టాలందరూ అనేశారు. పిల్లల సెలవులూ మా ఆయన సెలవూ కలిసింది ఆ వారంలోనే.

వెళ్ళేది నేను, మా ఆయన, 11 ఏళ్ళ బాబు, 7 ఏళ్ళ పాప, 71 ఏళ్ళ మా అత్తగారు. ఆవిడకి బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పి ఉంది, మెట్లు ఎలాగో ఎక్కుతారు గానీ దిగడమే కష్టం. శాకాహారం, గుడ్డు కూడా ముట్టరు. స్కూల్లో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యారు. "ఈజిప్టు నైలు నది వరప్రసాదం అని ఎంతమంది చేత బట్టీ పట్టించానో, ఆ నదిని ఒక్కసారి కళ్ళారా చూడాలి" అని ఎప్పట్నుంచో అంటుంటారు. అసలీ ప్రయాణం మొదలైందే ఆ మాట దగ్గర.

మా ఆయన ఎక్సెల్ షీట్‌లో వేసిన ప్లాన్ ఇదీ. మొదటిరోజు సాయంత్రం కైరోలో దిగుతాం. రెండోరోజు పొద్దున గీజా పిరమిడ్లు, పెద్ద పిరమిడ్ లోపలికి వెళ్ళడం, స్ఫింక్స్, మధ్యాహ్నం సక్కారా, సాయంత్రం గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం. మూడోరోజు తహ్రీర్ మ్యూజియం, కోట, ఖాన్ అల్ ఖలీలీ బజారు, ఆ రాత్రే లక్సర్‌కి రైలు. నాలుగోరోజు రైలు దిగి నేరుగా రాజుల లోయ, హత్షెప్సుత్ గుడి, మధ్యాహ్నం కర్నాక్, సాయంత్రం లక్సర్ గుడి. ఐదోరోజు కారులో ఎడ్ఫు, కోమ్ ఓంబో గుళ్ళు చూసుకుంటూ అస్వాన్. ఆరోరోజు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి అబూ సింబెల్ గుళ్ళు, తిరిగొచ్చి ఫిలే గుడి. ఏడోరోజు విమానంలో కైరో, ఎనిమిదోరోజు అలెగ్జాండ్రియా వెళ్ళి రావడం, తొమ్మిదోరోజు తిరుగు ప్రయాణం.

షీట్‌లో చూస్తే అన్నీ అతికినట్టు సరిపోయాయి, రంగులు కూడా వేశారు. నాకే ఎక్కడో గుబులుగా ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి, ఇది కుదిరే పనేనా?


ఇసుకగడియారం:

మొహమాటం వద్దన్నారు కాబట్టి సూటిగానే చెప్తానండీ. నేను కైరోలో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను, ఎవరో ఒకరు వస్తూనే ఉండేవాళ్ళు, వచ్చిన ప్రతివాళ్ళ చేతిలోనూ ఇలాంటి షీటే ఉండేది, మూడోరోజుకల్లా దాన్ని మడిచి జేబులో పెట్టేసేవాళ్ళు.

మీ షీట్‌లో దూరాలు సరిగ్గానే ఉన్నాయి, లేనిది ఎండ ఒక్కటే. మేలో కైరో 32, 35 మధ్య ఉంటుంది, అది ఫరవాలేదు. లక్సర్, అస్వాన్ దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం 40 మామూలే, అది కూడా నీడలో లెక్క. మీరు నిలబడేది నీడలో కాదు, సున్నపురాతి కొండ ఒడిలో, ఆ రాయి పొద్దుటినుంచీ కాగి కాగి మధ్యాహ్నానికి పెనంలా అయిపోతుంది. పైగా అక్కడి గాలి మహా పొడి. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లోంచి నీళ్ళు పోతున్నాయనే సంగతే తెలియదు, "ఉక్కపోత లేదు, హాయిగానే ఉందే" అనుకుంటారు, సాయంత్రానికి తలనొప్పి, వాంతులు. పిల్లలు దాహం వేస్తేగానీ అడగరు, పెద్దవాళ్ళకి దాహమే సరిగ్గా తెలియదు. అందుకని దాహంతో పని లేకుండా గడియారం చూసి తాగించండి. మూత్రం రంగు ముదిరిందంటే నీళ్ళు చాలడం లేదని అర్థం. ఓఆర్‌ఎస్ పొట్లాలు మర్చిపోవద్దు.

మీ అత్తగారి బీపీ మందులో నీరు లాగే మాత్ర ఉందేమో ఒకసారి చూసుకుని, వెళ్ళేముందు డాక్టర్‌ని అడగండి, ఈ ఎండలకి మోతాదు మార్చాలా వద్దా అన్నది ఆయనే చెప్పాలి. ఎవరైనా మాట తడబడుతున్నా, తికమకపడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ, కాసేపు కూర్చుంటే తగ్గుతుందని ఆగకుండా తడిగుడ్డతో చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అంటే చూడొద్దని కాదు. నేను వచ్చినవాళ్ళందరికీ చెప్పే లెక్క ఒకటే, పొద్దున పదకొండు లోపు ఒకటి, సాయంత్రం నాలుగున్నర దాటాక ఒకటి, మధ్యలో గది, నిద్ర, ఏసీ. రాజుల లోయ పొద్దున ఆరింటికే తెరుస్తారు, ఆరింటికి వెళ్ళినవాడికీ తొమ్మిదిన్నరకి వెళ్ళినవాడికీ కనిపించేది ఒకే లోయ కాదు. కర్నాక్ కూడా అంతే. లక్సర్ గుడి మాత్రం చీకటి పడ్డాక దీపాల వెలుగులో చూడండి, పగటిపూట కంటే అప్పుడే బాగుంటుంది.

మీ రెండోరోజు అయితే అసలు పనికిరాదు. గీజా పొద్దున, మ్యూజియం సాయంత్రం, అంతే. సక్కారా తీసేయండి. నిజానికి నాకు గీజా కంటే సక్కారానే ఇష్టం, జోసెర్ మెట్ల పిరమిడ్ ముందు నిలబడితే మనిషి మొదటిసారి రాయి మీద రాయి పేర్చి ఇంత పెద్దది కట్టింది ఇక్కడేనా అనిపిస్తుంది, కానీ ఏడేళ్ళ పాపకి అది రెండో ఇసుకదిబ్బ. అలెగ్జాండ్రియా కూడా తీసేయండి, రోజులో ఐదారు గంటలు కారులోనే పోతాయి.

పెద్ద పిరమిడ్ లోపలికి అత్తగారు వద్దు. నాలుగడుగుల ఎత్తు దారిలో వంగి ఎక్కాలి, తర్వాత సుమారు 47 మీటర్ల పొడవు పెద్ద గ్యాలరీ, అది నిటారు, పైన రాజు గదిలో ఖాళీ గ్రానైట్ పెట్టె ఒకటి తప్ప గోడల మీద గీత కూడా ఉండదు. గాలి ఆడదు. మళ్ళీ అదే దారిలో వంగి దిగాలి, దిగడమే కష్టం అన్నారుగా. మీ ఆయన, బాబు వెళ్ళొస్తారు, మీరు ముగ్గురూ బయట నీడ చూసుకోండి. ఇప్పుడు ఆవరణలో ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, ఒక చోట నుంచి ఇంకో చోటికి నడవక్కర్లేదు, అది పెద్ద మేలు.


తిరుగుబోతు:

పైన ఆయన ఎండ సంగతి చెప్పారు, నేను మనుషుల సంగతి చెప్తా.

ఒంటె. ఎక్కడం ఉచితం, దిగడానికి డబ్బు. నవ్వకండి, నేను కట్టాను. "ఫోటో కోసం ఊరికే ఎక్కండి, మా దేశానికి అతిథులు" అన్నాడు, ఎక్కాక ఆ ఒంటె లేచి నిలబడింది, తర్వాత ఎంత బతిమాలినా కూర్చోదే. పైనుంచి చూస్తే నేల ఎంత దూరంగా ఉంటుందో ఎక్కినవాళ్ళకే తెలుసు. చివరికి వాడు అడిగింది ఇచ్చి దిగాను. కాబట్టి పిల్లలు సరదాపడితే ఎక్కించండి, కానీ ఎంతసేపు, ఎంతమందికి, మొత్తం ఎంత, ఏ దేశం పౌండ్లు అన్నది ముందే తేల్చుకోండి. చివరి మాట జోక్ కాదు, ఈజిప్టు పౌండ్లని బేరం చేసుకుని దిగాక బ్రిటిష్ పౌండ్లు అన్నాను అనేవాళ్ళున్నారు. డబ్బు నేల మీద కాలు పెట్టాకే.

బక్షీసు. మన మాటే, అక్కడా అదే మాట, అదే అర్థం. బాత్రూమ్ దగ్గర టిష్యూ ఇచ్చేవాడికి, బ్యాగు పట్టుకున్నవాడికి, సమాధిలో తాడు పక్కకి జరిపి రండి రండి అని పిలిచేవాడికి కూడా. మొదట్లో చిరాకేస్తుంది, తర్వాత అలవాటవుతుంది. ఐదు, పది, ఇరవై పౌండ్ల నోట్లు ఒక జేబులో విడిగా పెట్టుకోండి, పెద్ద నోట్లు ఇంకో జేబులో, ఎందుకంటే చిల్లర ఎవరి దగ్గరా ఉండదు. ఉన్నా ఉండదు. తాడు జరిపేవాడి దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు, తాడు కట్టింది ఏదో కారణంతోనే. పెద్ద చోట్ల టిక్కెట్ కౌంటర్లలో నోట్లు తీసుకోరు, కార్డే. ఇద్దరి దగ్గరా చెరో కార్డు ఉండాలి, ఒకటి పని చేయకపోతే గేటు దగ్గర ఎండలో నిలబడిపోతారు.

గైడు. మాకు దొరికిన గైడు మంచివాడే, చరిత్ర బాగా చెప్పాడు, కానీ రెండు గుళ్ళకి ఒక అత్తరు దుకాణం చొప్పున చూపించాడు. అత్తరు, పపైరస్, రాతిబొమ్మలు, అన్నిచోట్లా టీ ఇస్తారు, టీ తాగాక లేవడం కష్టం. "దుకాణాలు వద్దు" అని పొద్దున్నే చెప్పేయండి, అవసరమైతే దానికి ఇంకాస్త ఎక్కువ ఇస్తామని చెప్పండి, అదే చవక. పపైరస్ పేరుతో అరటి నార కాగితాలు అంటగడతారు. పాత వస్తువు, తవ్వకంలో దొరికింది అని ఎవడైనా చెవిలో చెప్తే అబద్ధమైతే డబ్బు పోతుంది, నిజమైతే జైలు. పురాతన వస్తువులు దేశం దాటించడం అక్కడ పెద్ద నేరం.

"లా, షుక్రన్" అంటే వద్దు, థాంక్స్. ఆగకుండా, కళ్ళలోకి చూడకుండా, నడుస్తూ అనాలి. అయినా వెంటపడితే "ఖలాస్". ఇది మనకి తెలిసిన ఖల్లాసే! కుర్సీ అంటే కుర్చీ, సాబూన్ అంటే సబ్బు, దుక్కాన్ అంటే దుకాణం. మీ అత్తగారు టీచర్ అన్నారుగా, ఇవి ఏరడం మొదలుపెడితే ఆవిడకి ఎండ గుర్తుండదు.


పొద్దుతిరుగుడు:

ఒంటె కథ చదివి పాప పడీపడీ నవ్వింది, ఇప్పుడు అదే ఒంటె కావాలంటోంది.

సక్కారా, అలెగ్జాండ్రియా తీసేయడానికి మా ఆయన ఒప్పుకున్నారు, కొంచెం మొహం ముడుచుకుని. అబూ సింబెల్ మాత్రం వదలరట. అస్వాన్ నుంచి రానూపోనూ ఆరేడు గంటల కారు ప్రయాణం అని చదివాను, అత్తగారు కూర్చోగలరా అని నా భయం. రెండోది తిండి. ఆవిడ ఏం తింటారు? మూడోది, రాజుల లోయలో ఆవిడ దిగగలిగే సమాధి ఒక్కటైనా ఉందా, లేక బయటే కూర్చోబెట్టాలా?


మూడుచక్రాలసూట్‌కేసు:

అక్కా, మేం మా అమ్మని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఏకంగా జూన్‌లో వెళ్ళొచ్చాం, మీరు మాకంటే తెలివైనవాళ్ళే. అడిగినవాటికి తర్వాత వస్తా, ముందు ఒకటి చెప్పాలి. మీ ప్లాన్ రెండుసార్లు చదివాను. పిరమిడ్లు ఉన్నాయి, ఆరేడు గుళ్ళున్నాయి, మ్యూజియాలున్నాయి, రైలుంది, కారుంది, విమానముంది. అత్తగారు అడిగింది నైలు నది. అది ఎక్కడుంది? కారు కిటికీలోంచి కనిపిస్తుంది అంతే.

లక్సర్ నుంచి అస్వాన్‌కి కారులో కాదు, పడవలో వెళ్ళండి. లక్సర్‌లో ఎక్కితే మామూలుగా నాలుగు రాత్రులు, అస్వాన్‌లో ఎక్కి ఇటు వస్తే మూడు. ఎడ్ఫు, కోమ్ ఓంబో ఎలాగూ దారిలోనే ఆగుతారు. మాకైతే అది ప్రాణం నిలిపింది. సామాను ఒకేచోట, గదిలో ఏసీ, ఎండెక్కేసరికి పడవలో ఉంటాం, అమ్మ కిటికీ దగ్గర కూర్చుంటే అవతల ఒడ్డు నడుస్తూ ఉండేది, ఖర్జూరపు తోటలు, చెరుకు పొలాలు, గాడిద మీద గడ్డిమోపు, నీళ్ళలో గేదెలు, వాటి వెనకాలే గోడ కట్టినట్టు పసుప్పచ్చని ఎడారి. ఆ పచ్చదనం ఎంత సన్నగా ఉంటుందంటే కొన్నిచోట్ల రాయి విసిరితే దాటేస్తుందేమో అనిపిస్తుంది. మా అమ్మ చదువుకోలేదు, వరప్రసాదం గిరప్రసాదం ఆవిడకి తెలియదు, "ఈ ఏరు లేకపోతే ఇక్కడ కాకి కూడా వాలదే" అంది.

పిల్లలకి ఎస్నా దగ్గర లాకుల్లో పడవ పైకి లేవడం, అంతకంటే కూడా అక్కడి అమ్మకాలు, అదో పండగ. చిన్న పడవల్లో వచ్చి మన పడవకి తాడు తగిలించి, కిందనుంచి తువ్వాళ్ళూ గౌనులూ సంచిలో చుట్టి పై అంతస్తు డెక్ మీదికి విసురుతారు, నచ్చితే డబ్బు అదే సంచిలో పెట్టి కిందికి వేయాలి, నచ్చకపోతే బట్ట వేయాలి. మా చిన్నాడు రెండు గంటలు అక్కడే. కోమ్ ఓంబోలో మొసలి దేవుడు సోబెక్, పక్కనే మొసళ్ళ మమ్మీల మ్యూజియం, చిన్నది, చల్లగా ఉంటుంది, పిల్లలు ఎప్పటికీ మర్చిపోరు.

అన్నీ బాగుంటాయని కాదు. రాత్రిపూట పడవలు పక్కపక్కనే కట్టేస్తారు, పొద్దున తెర తీస్తే నైలు బదులు పక్క పడవలో పళ్ళు తోముకునేవాడు కనిపించాడు. మేం ఎక్కిన పడవ ఫోటోల్లో కనిపించినంత కొత్తదీ కాదు, బాత్రూమ్ తలుపు గడియ పడేది కాదు. ఎడ్ఫులో రేవు నుంచి గుడికి గుర్రబ్బండి మీద తీసుకెళ్తారు, ఆ గుర్రాల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది, టాక్సీ అడగండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. అబూ సింబెల్‌కి అస్వాన్ నుంచి 280 కిలోమీటర్లు, వెళ్ళడానికే మూడు గంటల పైన, చుట్టూ ఇసుక తప్ప ఏమీ ఉండదు. విమానం కూడా ఉంది, ముప్పావు గంట, కానీ ఐదుగురికి ఖరీదే. మేం చేసింది చెప్తా, మా ఆయన పెద్దవాణ్ణి తీసుకుని తెల్లవారుజామున వెళ్ళొచ్చారు, నేనూ అమ్మా చిన్నాడూ అస్వాన్‌లో మధ్యాహ్నం దాకా పడుకుని సాయంత్రం ఫెలూకా ఎక్కాం, తెరచాప పడవ, ఇంజిన్ చప్పుడు ఉండదు. అమ్మకి ఆ గంటన్నరే మొత్తం ఈజిప్టు. అందరూ అన్నీ చూడాలని రూలేం లేదక్కా.

సమాధులు: రాజుల లోయ మామూలు టిక్కెట్‌కి మూడు సమాధులు చూడనిస్తారు. అత్తగారికి నాలుగో రామ్సెస్ సమాధి చూపించండి, దాదాపు చదునైన వాలు, మెట్లతో పని లేదు, గోడల నిండా రంగులు. గేటు నుంచి లోయ దాకా చిన్న ఎలక్ట్రిక్ బండి ఉంటుంది, తఫ్‌తఫ్ అంటారు, ఆ పేరు చెప్పి చెప్పి పిల్లలు మా ప్రాణం తీశారు. మూడో తుత్మోస్ సమాధి పొరపాటున కూడా వద్దు, నిచ్చెనలాంటి మెట్లెక్కి మళ్ళీ దిగాలి. లోపల చల్లగా ఉంటుందనుకోకండి, జనం ఊపిరికి ఉక్కగా ఉంటుంది. తుతన్‌ఖమూన్‌కి విడిగా టిక్కెట్, సమాధి చాలా చిన్నది, కొందరు ఇంతేనా అంటారు, కానీ ఆయన మమ్మీ ఇప్పటికీ అక్కడే ఉంది, సొమ్ములన్నీ కైరోలో ఉన్నాయి, మనిషి మాత్రం తన గదిలోనే. మా పెద్దవాడు అక్కడ పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడ్డాడు.

తిండికి బెంగలేదు. కొషరీ ఉంది, అన్నం, పప్పు, మాకరోనీ, సెనగలు, పైన వేయించిన ఉల్లిపాయలు, టమాటా పులుసు, పూర్తి శాకాహారం, కడుపు నిండుతుంది. తామెయ్యా అని బాకలా (ఫావా బీన్స్) గింజలతో వేసే వడల్లాంటివి, ఫూల్ అని అవే గింజలు మెత్తగా ఉడికించి నిమ్మకాయ, నూనె కలిపింది, వేడి వేడి రొట్టెతో. మొలోఖియా ఆకుకూరే కదా అని తినకండి, చాలాచోట్ల కోడి రసంలో వండుతారు. పడవ ఎక్కగానే వంటమనిషితో ఒకసారి మాట్లాడండి, మాకు రోజూ విడిగా ఏదో ఒకటి చేసిపెట్టాడు. నీళ్ళు సీసావే, పళ్ళు తోమడానికి కూడా. నైలులో కాళ్ళు పెట్టడం, ఈత కొట్టడం వద్దు, ఆ నీళ్ళలో ఉండే పురుగు చర్మంలోంచి లోపలికి పోయి జబ్బు చేస్తుంది, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.


ఇసుకగడియారం:

పైన అమ్మాయి చెప్పింది విని నేను సిగ్గుపడుతున్నాను, నేను కూడా మీ షీట్‌లో ఏం తీసేయాలో చూశానుగానీ ఏం లేదో చూడలేదు.

మీ అత్తగారి కోసం ఒకటి చేర్చనివ్వండి. కైరోలోనే రోడా దీవి మీద నైలోమీటర్ ఉంది, 861లో కట్టింది. లోతైన బావి, మధ్యలో గీతలు చెక్కిన పాలరాతి స్తంభం. వరద ఎంతవరకు వచ్చిందో ఆ స్తంభం మీద చూసి ఆ ఏడు పన్ను ఎంత వేయాలో నిర్ణయించేవాళ్ళు. నీళ్ళు తక్కువైతే కరువు, మరీ ఎక్కువైతే ఊళ్ళు కొట్టుకుపోతాయి, నడిమి గీతలే రైతు అదృష్టం. ముప్ఫై ఏళ్ళు పాఠంలో చెప్పిన వాక్యానికి కొలబద్ద అన్నమాట. మెట్లు నిటారుగా ఉంటాయి, ఆవిడ దిగక్కర్లేదు, పైనుంచి వంగి చూసినా తెలుస్తుంది. జనం కూడా పెద్దగా రారు. అస్వాన్‌లో ఎలిఫెంటైన్ దీవి మీద అంతకంటే పాతది ఒకటుంది.

ఇప్పుడు ఆ వరద రాదు, అది కూడా ఆవిడకి తెలిసే ఉంటుంది. 1970లో అస్వాన్ ఎత్తైన ఆనకట్ట పూర్తయ్యాక నది ఏడాది పొడుగునా ఒకేలా పారుతోంది, కరెంటు వచ్చింది, కరువు భయం పోయింది, కానీ ఒండ్రుమట్టి ఆనకట్ట వెనకే ఆగిపోయింది, పొలాలకి ఎరువు కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ జలాశయంలో మునిగిపోతాయనే 1964 నుంచి 1968 దాకా అబూ సింబెల్ గుళ్ళని ముక్కలుగా కోసి 65 మీటర్లు పైకి తీసుకెళ్ళి మళ్ళీ అతికించారు. ఫిలే గుడి కూడా పాత దీవిలోంచి పక్క దీవికి మారిందే. మీ ఆయన అబూ సింబెల్ వదలనన్నది న్యాయమే, బాబుకి ఆ కోత గురించి ముందే చెప్పి పంపండి, రాతిలో అతుకులు వెతుక్కుంటూ మూడు గంటల దారి మర్చిపోతాడు.

కైరోలో మరీ ఎండగా ఉన్న పూట గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం పెట్టుకోండి, సాయంత్రానికి వద్దు. 2025 నవంబరులో పూర్తిగా తెరిచారు, తుతన్‌ఖమూన్ సమాధిలో దొరికిన ఐదు వేల పైచిలుకు వస్తువులూ మొదటిసారి ఒకేచోట ఉన్నాయి, లోపల చల్లగా ఉంటుంది, కూర్చోడానికి చోటుంది. ఖుఫు పిరమిడ్, అదే గీజా పెద్ద పిరమిడ్, దాని పక్కన 1954లో బయటపడ్డ దేవదారు పడవ కూడా అక్కడికే చేరింది, 43 మీటర్ల పొడవు. టిక్కెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనండి. పెద్ద మ్యూజియం, అన్ని హాళ్ళూ చూడాలనుకుంటే అదే మళ్ళీ ఎక్సెల్ షీట్ అవుతుంది, రెండు హాళ్ళు చూసి ఐస్‌క్రీమ్ తినండి.

మసీదులకి వెళ్తే సంచిలో మేజోళ్ళు పెట్టుకోండి, చెప్పులు విప్పి మధ్యాహ్నం ఎండలో చలువరాతి మీద నడిచానొకసారి, నడక కాదు, గంతులు.


తిరుగుబోతు:

మేజోళ్ళ మాట నిజం. మందుల మాట కూడా ఒకటి. నొప్పికి వాడే ట్రమడాల్ అక్కడ నియంత్రణలో ఉన్న మందు, దాన్ని పట్టుకెళ్ళి జైలుపాలైన విదేశీయులున్నారు. అత్తగారి మోకాళ్ళ మాత్రల్లో అది ఉందేమో చూడండి. మిగతా మందులన్నీ అసలు డబ్బాల్లోనే, డాక్టర్ చీటీతో, చేతి సంచిలో. చెక్ చేసిన సూట్‌కేసు ఒకరోజు ఆలస్యంగా వచ్చిందనుకోండి, బీపీ మాత్ర ఆగకూడదుగా.

ఇంకోటి, శుక్రవారం, శనివారం అక్కడ సెలవు. ఆ రెండు రోజులూ గీజాలో స్థానికుల రద్దీ ఉంటుంది.


పొద్దుతిరుగుడు:

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఈ జవాబులన్నీ పైకి చదివాను. "నైలు ఎక్కడుంది" దగ్గరికి వచ్చేసరికి మా ఆయన తినడం ఆపేశారు. అత్తగారు మాత్రం "నేనే చెప్దామనుకున్నా, వాడు అంత కష్టపడి రంగులేశాడు కదా అని ఊరుకున్నా" అన్నారు. ఇంత పెద్ద ప్లాన్‌లో ఆవిడ కోరిక లేకపోవడం ఆవిడ ఎప్పుడో చూసేశారన్నమాట, మేమే చూడలేదు.

కొత్త ప్లాన్ ఇలా వచ్చింది. రెండోరోజు పొద్దున గీజా, మధ్యాహ్నం గది, సాయంత్రం ఏమీ లేదు, నిజంగా ఏమీ లేదు. మూడోరోజు పెద్ద మ్యూజియం, సాయంత్రం నైలోమీటర్, ఓపికుంటే ఖాన్ అల్ ఖలీలీ. నాలుగోరోజు రైలు మానేసి పొద్దున్నే విమానంలో లక్సర్, సాయంత్రం కర్నాక్, చీకటి పడ్డాక లక్సర్ గుడి, రాత్రి పడవలో. అక్కణ్ణుంచి నాలుగు రాత్రులు పడవే. ఐదోరోజు ఆరింటికల్లా రాజుల లోయ, నాలుగో రామ్సెస్, తఫ్‌తఫ్. ఆరు ఎడ్ఫు, ఏడు కోమ్ ఓంబో, అస్వాన్ చేరడం. ఎనిమిదోరోజు తండ్రీకొడుకులు అబూ సింబెల్, మేం ముగ్గురం ఫెలూకా. తిరుగు టిక్కెట్ కైరో నుంచే కాబట్టి తొమ్మిదోరోజు పొద్దున అస్వాన్ నుంచి కైరోకి విమానం, రాత్రికి ఇంటికి బయల్దేరడం. ఫిలే పోయింది, తహ్రీర్ మ్యూజియం పోయింది, కోట పోయింది. మా ఆయన ఫిలేకి ఇంకా బాధపడుతున్నారు.

మోకాళ్ళ మాత్రలు చూశాను, ట్రమడాల్ లేదు. బీపీ మాత్రలో నీరు లాగేది ఉంది, సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. ఆ ఒక్క మాటకే మీ అందరికీ రుణపడి ఉంటాం.

ఆఖరి ప్రశ్న, బాబు అడగమన్నాడు. పుట్టినరోజుకి చిన్న డ్రోన్ కొన్నాం, పిరమిడ్ల మీద ఎగరేయొచ్చా?


ఇసుకగడియారం:

వద్దండీ, ఇంట్లోనే పెట్టి రండి. అనుమతి లేకుండా ఈజిప్టులోకి డ్రోన్ తేవడమే నేరం, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. ఫోన్‌తో ఫోటోలకి చాలాచోట్ల ఇబ్బంది లేదు, సైనికుల్ని, చెక్‌పోస్టుల్ని మాత్రం తీయకండి.

ఫిలేకి బాధపడొద్దనండి. ఎనిమిదోరోజు మీరు ముగ్గురూ ఎండ తగ్గే ముందు బయల్దేరితే ఫిలే కూడా పడవలోనే వెళ్ళాలి, మూసేలోపు ఒక గంట చూసి రావచ్చు. మీ ఆయనకి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.


మూడుచక్రాలసూట్‌కేసు:

చెప్పకక్కా.